పిక్క సిరలో రక్తపు గడ్డ: మందు మొదలుపెట్టాలా, కనిపెట్టుకుని ఉండాలా?

ఒక కాలి పిక్క వాచి నొప్పి పెడుతుంటే డాక్టర్ డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తప్రవాహాన్ని చూసే అల్ట్రాసౌండ్) రాస్తారు. పిక్క లోపలి సిరల్లో గడ్డ ఉందని, మోకాలి పైన ఏమీ లేదని రిపోర్టు వస్తుంది. అదే రిపోర్టు ఇద్దరు డాక్టర్లకు చూపిస్తే రెండు వేర్వేరు సలహాలు రావచ్చు. ఈ రోజే రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు మొదలుపెట్టి మూడు నెలలు ఆపకుండా వాడమని ఒకరు అంటారు. ఇప్పుడే మందు వద్దు, వారం ఆగి మళ్ళీ స్కాన్ చేద్దామని మరొకరు అంటారు. ఇంటికి వచ్చాక అందరికీ ఒకటే టెన్షన్, ఇద్దరిలో ఎవరి మాట వినాలని.

ఇద్దరి మాటా సరైనదే కావచ్చు. తొడ సిరలో గడ్డ ఉంటే ఈ సందేహానికి చోటు లేదు. రక్తస్రావం ప్రమాదం మరీ ఎక్కువగా ఉన్నవాళ్ళకు తప్ప మందు వెంటనే మొదలుపెట్టాల్సిందే. మోకాలి కింద మాత్రం అలా కాదు. గడ్డ ఎంత పెద్దదన్నది ఎంత ముఖ్యమో, అది ఎవరి కాలిలో ఉందన్నదీ అంతే ముఖ్యం. ఆ మనిషికి క్యాన్సర్ ఉందా, ఇంతకుముందు గడ్డ కట్టిందా, కడుపులో పుండు ఉందా, వారం తర్వాత మళ్ళీ స్కాన్‌కు రాగలరా అన్నవన్నీ చూడాలి. ఈ చివరి ప్రశ్నకు మన దగ్గర దక్కాల్సినంత శ్రద్ధ దక్కడం లేదు.

గడ్డ ఎక్కడ పుడుతుంది, ఎటు వెళుతుంది

కాలిలో సిరలు రెండు వరసల్లో ఉంటాయి. చర్మం కిందే కనిపించేవి పైసిరలు. వెరికోస్ వెయిన్స్‌గా ఉబ్బేవి ఇవే. కండరాల మధ్య లోతుగా సాగేవి లోపలి సిరలు. కాలి రక్తంలో చాలా భాగం వీటి గుండానే గుండెకు తిరిగి వెళుతుంది. మోకాలి కింద మూడు ప్రధాన సిరలు సాధారణంగా జంటలుగా ఉంటాయి. వీటికి తోడు పిక్క కండరాల లోపల ఇంకా కొన్ని సిరలు ఉంటాయి. అన్నీ కలిసి మోకాలి వెనక ఒకే పెద్ద సిరగా మారి తొడలోకి, అక్కడి నుంచి గజ్జ మీదుగా పొట్టలోకి వెళతాయి.

రక్తం కింది నుంచి పైకి ఎక్కాలంటే తోసేవాళ్ళు కావాలి. ఆ పని పిక్క కండరం చేస్తుంది. నడిచినప్పుడల్లా కండరం బిగిసి సిరను పిండుతుంది, సిర లోపలి కవాటాలు రక్తాన్ని కిందికి జారనివ్వవు. అందుకే పిక్కను రెండో గుండె అంటారు. మనిషి కదలకుండా గంటలకొద్దీ కూర్చున్నా, ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి పడుకున్నా, కాలికి కట్టు వేసి ఉంచినా ఈ పని ఆగిపోతుంది. అప్పుడు కవాటాల మూలల్లో నిలిచిన రక్తం గడ్డకట్టడం మొదలవుతుంది. 1940లో లండన్‌పై బాంబులు పడుతున్న రోజుల్లో జనం రాత్రంతా షెల్టర్లలో మడత కుర్చీల్లో కూర్చునేవారు. అలా కూర్చున్నవారిలో ఊపిరితిత్తుల్లో గడ్డ పడి చనిపోయేవాళ్ళు పెరిగారని కీత్ సింప్సన్ అనే వైద్యుడు ఆ ఏడాదే లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు. హైదరాబాద్ నుంచి అమెరికాకు వెళ్ళే విమానంలో ఇరుకు సీట్లో కూర్చున్నవారి కాలిలోనూ జరిగేది అదే.

రక్తం నిలవడం ఒక కారణం మాత్రమే. సిర గోడ దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం మిగిలిన రెండూ. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 19వ శతాబ్దం నడుమ చేసిన పరిశోధనల నుంచి వచ్చిన అవగాహన ఇది. కాలి సిరలో కట్టిన గడ్డ విడిపోయి రక్తంతో పాటు ప్రయాణించి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుందని స్పష్టంగా చూపినవాడు కూడా ఆయనే. రక్తం గడ్డకట్టే గుణం పెరగడానికి క్యాన్సర్, గర్భం, కాన్పు, ఈస్ట్రోజెన్ మాత్రలు, తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, కొన్ని జన్యులోపాలు కారణమవుతాయి. పూజ కోసమో పెళ్ళి కోసమో నెలసరి వాయిదా వేయడానికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలనూ ఈ జాబితాలో చేర్చాలి. వాటిలోని నోరెథిస్టెరోన్‌లో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. ఒకసారి గడ్డ కట్టిన స్త్రీ ఆ మాత్రను డాక్టర్‌ను అడగకుండా వేసుకోకూడదు.

గడ్డ పిక్క దగ్గరే ఉన్నంతవరకు ప్రాణాపాయం తక్కువ. అక్కడి సిరలు చిన్నవి, వాటి గడ్డలూ చిన్నవే. చాలా గడ్డలు పెరగకుండా ఆగిపోతాయి. ఒంట్లోనే ఉన్న ప్లాస్మిన్ అనే ఎంజైమ్ వాటిని నెమ్మదిగా కరిగిస్తుంది. కానీ నొప్పి, వాపు ఉన్న పిక్క గడ్డలకు వైద్యం చేయకపోతే 100లో సుమారు 15 మోకాలి వెనక సిరలోకి పాకుతాయి. అక్కడికి చేరితే ఊపిరితిత్తులకు వెళ్ళే ప్రమాదం ఒక్కసారిగా పెరుగుతుంది. పాకేవి ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే పాకుతాయి. కనిపెట్టుకుని ఉండడమనే పద్ధతి అంతా ఈ రెండు వారాల మీదే ఆధారపడి ఉంది.

ముందు అది గడ్డేనా అని తేల్చుకోవాలి

కాలు వాచిన ప్రతిసారీ గడ్డ ఉండదు. కోస్తా జిల్లాల్లో బోదకాలు ఇంకా గుర్తుకొచ్చే మొదటి కారణం. అయితే అది నెలలు, ఏళ్ళ తరబడి పెరిగే వాపు. సిరలో గడ్డ వల్ల వచ్చే వాపు గంటల్లో, రోజుల్లో వస్తుంది. చర్మం కింద ఇన్ఫెక్షన్ వస్తే కాలు ఎర్రగా, వేడిగా మారి జ్వరం ఉంటుంది. మోకాలి వెనక ఉండే నీటితిత్తి పగిలినా, పిక్క కండరం చిరిగినా అచ్చం గడ్డలాగే నొప్పి వస్తుంది. గుండె, కిడ్నీ జబ్బుల వాపు సాధారణంగా రెండు కాళ్ళకూ ఉంటుంది. ఒక కాలి పిక్క రెండోదానికంటే 3 సెంటీమీటర్లకు మించి లావుగా ఉంటే అనుమానించాలి. వెల్స్ స్కోర్ అనే లెక్కలో డాక్టర్లు చూసే అంశాల్లో ఇదొకటి. స్కోర్ తక్కువగా ఉండి, డి-డైమర్ అనే రక్తపరీక్ష నార్మల్‌గా వస్తే గడ్డ లేదని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు. డి-డైమర్ ఎక్కువ వచ్చినంత మాత్రాన గడ్డ ఉన్నట్టు కాదు. ఇన్ఫెక్షన్, గర్భం, వయసు, ఇటీవలి ఆపరేషన్ కూడా దాన్ని పెంచుతాయి. అప్పుడు స్కాన్ తప్పదు.

స్కాన్‌లోనూ తేడాలున్నాయి. కొన్నిచోట్ల గజ్జ నుంచి మోకాలి వెనక వరకే చూస్తారు, కొన్నిచోట్ల మడమ దాకా చూస్తారు. పిక్క సిరలు సన్నగా ఉంటాయి కాబట్టి అక్కడ స్కాన్ కచ్చితత్వం చూసేవారి చేతి అనుభవం మీద ఆధారపడుతుంది. రిపోర్టులో ఏ సిరలో గడ్డ ఉంది, ఎంత పొడవుంది, మోకాలి సిరకు ఎంత దూరంలో ఆగింది అనేవి రాయించుకోవడం మంచిది. వారం తర్వాత చేసే స్కాన్‌ను పోల్చడానికి ఆ వివరాలే ఆధారం. వీలైతే రెండోసారి కూడా అదే సెంటర్‌లో చేయించుకోవాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పిక్క నొప్పి అనగానే కొబ్బరినూనె వేడిచేసి గట్టిగా మర్దన చేయడం, ఇంట్లో ఎవరో ఒకరు కాలు పట్టడం మన అలవాటు. ఒక కాలే హఠాత్తుగా వాచినప్పుడు గడ్డ లేదని తేలేదాకా ఆ పని చేయకూడదు. కొత్త గడ్డ ఇంకా సిర గోడకు గట్టిగా అతుక్కుని ఉండదు. దాన్ని పిండితే కదిలి పైకి వెళ్ళవచ్చు.

మందు గడ్డను కరిగించదు

రక్తం పలుచబడే మందులని అందరూ పిలిచే ఈ మందుల గురించి ఉన్న పెద్ద అపోహ, అవి గడ్డను కరిగిస్తాయని. కరిగించవు. గడ్డ పెరగకుండా, కొత్తవి కట్టకుండా ఆపుతాయి. ఉన్నదాన్ని కరిగించే పని శరీరానిదే, దానికి వారాలు, నెలలు పడుతుంది. మందు ఇచ్చేది ఆ సమయమే. ఈ ఒక్క విషయం అర్థమైతే వాపు తగ్గగానే మందు మానేయడం ఎందుకు తప్పో వేరే చెప్పక్కర్లేదు. పది రోజులకు నొప్పి పోవచ్చు, సిరలో గడ్డ మాత్రం ఇంకా ఉంటుంది.

ఈ మందులు ప్రాణాలు కాపాడతాయని తేల్చిన ప్రయోగం చాలా చిన్నది. 1960లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో బారిట్, జోర్డాన్ అనే ఇద్దరు వైద్యులు ఊపిరితిత్తుల్లో గడ్డ పడిన 35 మందిని రెండు వర్గాలుగా చేశారు. మందు ఇవ్వని 19 మందిలో 5 మంది ఆ గడ్డల వల్లే చనిపోయారు, మరో 5 మందికి మళ్ళీ గడ్డలు పడ్డాయి. మందు ఇచ్చిన 16 మందిలో గడ్డ వల్ల ఒక్కరూ చనిపోలేదు. ఆ తర్వాత ఊపిరితిత్తుల గడ్డల్లో మందు ఇవ్వకుండా పోల్చి చూసే సాహసం దాదాపు ఎవరూ చేయలేదు. తొడ సిర గడ్డలకు కూడా మందు తప్పనిసరి అనే నమ్మకం ఇలాంటి అనుభవాల మీదే నిలబడింది.

పిక్క గడ్డల విషయంలో అంత సూటిగా లేదు. 1985లో స్వీడన్‌లో 51 మంది మీద ఒక అధ్యయనం జరిగింది. అందరికీ మొదట కొన్ని రోజులు గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. తర్వాత 23 మందికి మూడు నెలలు అదే పని చేసే వార్ఫరిన్ మాత్ర ఇచ్చారు, మిగిలిన 28 మందికి ఇవ్వలేదు. మందు లేనివారిలో 8 మందికి మూడు నెలల్లో మళ్ళీ గడ్డ కట్టింది. మందు వాడినవారిలో ఒక్కరికీ కట్టలేదు. చాలా ఏళ్ళు ఈ ఫలితమే దారి చూపింది.

2016లో కాక్టస్ అనే ప్రయోగం వచ్చింది. క్యాన్సర్ లేని, ఇంతకుముందు గడ్డ కట్టని, అంటే ప్రమాదం తక్కువగా ఉన్న పిక్క గడ్డ రోగులను మాత్రమే తీసుకున్నారు. సగం మందికి ఆరు వారాలు హెపారిన్ రకమైన నాడ్రోపారిన్ ఇంజెక్షన్, సగం మందికి మందులేని ఇంజెక్షన్ ఇచ్చారు. గడ్డ పైకి పాకడం, ఊపిరితిత్తులకు చేరడం మందు వాడినవారిలో 3 శాతం, వాడనివారిలో 5 శాతం. ఆ తేడా లెక్కకు నిలిచేంత పెద్దది కాదు. కానీ చెప్పుకోదగ్గ రక్తస్రావం మందు వాడినవారిలో 4 శాతం మందికి జరిగింది, వాడనివారిలో ఎవరికీ జరగలేదు. అనుకున్నంత మంది రోగులు దొరక్క ఆ ప్రయోగం చిన్నగానే ముగిసింది కాబట్టి మందు వల్ల లాభం లేదని దీన్నిబట్టి తేల్చేయలేం. ప్రమాదం తక్కువగా ఉన్నవారిలో లాభం తక్కువని మాత్రం చెప్పవచ్చు.

ఈ రెండు అధ్యయనాలు ఒకదాన్ని ఒకటి కొట్టేయడం లేదు. రెండూ వేర్వేరు మనుషుల గురించి చెబుతున్నాయి. ఇప్పటి వైద్య మార్గదర్శకాలు వాటిని కలిపి చదువుతాయి. గడ్డ 5 సెంటీమీటర్లకు మించి పొడవున్నా, ఒకటి కంటే ఎక్కువ సిరల్లో ఉన్నా, మోకాలి సిరకు దగ్గరగా ఉన్నా, క్యాన్సర్ ఉన్నా, ఇదివరకు గడ్డ కట్టి ఉన్నా, ఆసుపత్రిలో మంచం పట్టి ఉన్నా, ఏ కారణమూ లేకుండా కట్టినా, నొప్పి వాపు బాగా ఎక్కువగా ఉన్నా మందు మొదలుపెట్టాలి. ఇవేవీ లేకపోతే, ముఖ్యంగా రక్తస్రావం భయం ఉంటే, మందు లేకుండా రెండు వారాల్లో మళ్ళీ స్కాన్లు చేస్తూ గమనించవచ్చు. సాధారణంగా వారం తర్వాత ఒకటి, రెండు వారాల తర్వాత ఒకటి. గడ్డ పెరగకపోతే మందు లేకుండానే బయటపడతారు. మోకాలి పైకి పాకితే మందు తప్పదు. పిక్కలోనే కాస్త పెరిగినా మొదలుపెట్టడం మేలంటారు.

రెండో స్కాన్‌కు రాగలరా?

గమనించడం అంటే ఏమీ చేయకపోవడం కాదు. రెండో స్కాన్ జరిగితేనే అది వైద్యం అవుతుంది. జరగకపోతే గడ్డను గాలికి వదిలేసినట్టే. నగరంలో ఇంటికి దగ్గర్లో స్కాన్ సెంటర్ ఉన్న ఉద్యోగికి ఇది సులభం. ఏజెన్సీ ప్రాంతంలోనో మండల కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళోనో ఉండే రైతుకూలీకి అలా కాదు. జిల్లా కేంద్రానికి రావాలంటే ఒక రోజు కూలీ, బస్సు చార్జీలు, తోడు వచ్చే మనిషి కూలీ, స్కాన్ ఖర్చు అన్నీ లెక్కలోకి వస్తాయి. వాపు కాస్త తగ్గితే రెండో ప్రయాణం మానేయడం సహజం. నాట్ల కాలంలోనో కోతల కాలంలోనో అయితే చెప్పనే అక్కర్లేదు.

మళ్ళీ మళ్ళీ స్కాన్‌కు తిరగడం వద్దనుకునే రోగి మందునే ఎంచుకోవచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మన దగ్గర ఈ వాక్యానికి ఇంకా ఎక్కువ బరువు ఇవ్వాలి. రోగి తిరిగి వస్తారన్న నమ్మకం లేనప్పుడు, రక్తస్రావం ప్రమాదం పెద్దగా లేనప్పుడు, చిన్న పిక్క గడ్డకు కూడా మందు మొదలుపెట్టడమే సురక్షితం. దీనికి విరుద్ధంగా, కడుపులో పుండు నుంచి రక్తం పడిన చరిత్ర ఉన్నవారికీ, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవారికీ, ఇటీవల మెదడులో రక్తస్రావం జరిగినవారికీ స్కాన్ దారే మేలు. వాళ్ళ రెండో స్కాన్ తేదీ డిశ్చార్జ్ కాగితం మీద పెద్దక్షరాలతో ఉండాలి, ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పి పంపాలి. స్కాన్ చేయాలని రోగికి ఒక్క మాట చెప్పి ఊరుకుంటే సరిపోదు.

ఏ మందు, ఎవరికి

హెపారిన్‌ను 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో జే మెక్‌లీన్ అనే వైద్య విద్యార్థి పరిశోధన నుంచి కనుగొన్నారు. మనుషులకు ఇవ్వగలిగేంత శుద్ధంగా తయారు చేయడానికి ఇంకో రెండు దశాబ్దాలు పట్టింది. వార్ఫరిన్ కథ పశువులతో మొదలైంది. ఉత్తర అమెరికాలో పాడైన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం కారి చనిపోతుంటే, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం అందుకు కారణమైన పదార్థాన్ని పట్టుకుంది. దాని నుంచి వచ్చిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా, 1954లో మనుషుల మందుగా వాడకంలోకి వచ్చింది.

వార్ఫరిన్, మన దగ్గర బాగా వాడే దాని తోబుట్టువు ఎసినోకుమరాల్ చౌక మందులు. కానీ వాటి మోతాదు ప్రతి మనిషికీ వేరు. ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష 2 నుంచి 3 మధ్య ఉండేలా మాటిమాటికీ చూసుకోవాలి. మొదటి రోజుల్లో ఇవి పనిచేయవు సరికదా, గడ్డను అడ్డుకునే ప్రొటీన్‌ను కూడా తగ్గిస్తాయి. అందుకే కనీసం అయిదు రోజులు హెపారిన్ రకం ఇంజెక్షన్ కలిపి ఇస్తారు. పాలకూర, తోటకూర, గోంగూర పూర్తిగా మానేయాలన్నది సగం నిజం. వాటిలోని విటమిన్ కె మందు బలాన్ని తగ్గిస్తుంది, కానీ వారం వారం దాదాపు ఒకే మోతాదులో తింటే మందును దానికి తగ్గట్టు సర్దవచ్చు. ఒక నెల మానేసి, తర్వాత శ్రావణమాసం నెలంతా ఆకుకూరలే తినడం ప్రమాదం.

కొత్త మాత్రలు రివరోక్సబాన్, ఎపిక్సబాన్, డాబిగాట్రాన్ వచ్చాక చాలామందికి ఈ తిప్పలు తప్పాయి. ఐఎన్‌ఆర్ పరీక్ష అక్కర్లేదు, ఆకుకూరల భయం లేదు. మన దేశంలో వీటి జెనరిక్ రకాలు దొరుకుతున్నాయి. రివరోక్సబాన్‌ను మొదటి 21 రోజులు 15 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, తర్వాత 20 మిల్లీగ్రాములు రోజుకు ఒకసారి ఇస్తారు. ఈ రెండు మోతాదులూ భోజనంతోనే వేసుకోవాలి, ఖాళీ కడుపున సరిగా ఒంటపట్టదు. ఉపవాసం రోజున కూడా ఇది గుర్తుండాలి. ఎపిక్సబాన్ మొదటి వారం 10 మిల్లీగ్రాములు, తర్వాత 5 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. డాబిగాట్రాన్‌కు ముందు కొన్ని రోజులు ఇంజెక్షన్ కావాలి. వీటి ప్రభావం ఒకటి రెండు రోజుల్లోనే పోతుంది. మాత్రలు అయిపోయి నాలుగు రోజులు షాపుకు వెళ్ళకపోతే ఆ నాలుగు రోజులూ రక్షణ లేనట్టే.

కొత్త మాత్రలు అందరికీ పనికిరావు. ఎవరికి పనికిరావో తెలియకపోవడమే మన దగ్గర పెద్ద సమస్య. ఈ మాత్రల్లో కొంత భాగం, డాబిగాట్రాన్‌లో అయితే ఎక్కువ భాగం, హెపారిన్ రకమైన ఎనోక్సపారిన్ ఇంజెక్షన్‌లోనూ చెప్పుకోదగ్గ భాగం కిడ్నీల ద్వారా బయటికి పోవాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వేలాది కుటుంబాల్లో కిడ్నీ జబ్బు ఉంది, చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. అక్కడి మనిషికి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయకుండా మామూలు మోతాదు ఇస్తే మందు ఒంట్లో పేరుకుని రక్తస్రావం కావచ్చు. క్షయకు వాడే రిఫాంపిసిన్ దీనికి వ్యతిరేకంగా పనిచేస్తుంది. అది కొత్త మాత్రలనూ వార్ఫరిన్‌నూ లివర్‌లోనే త్వరగా విరిచేసి బలం లేకుండా చేస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్ కూడా అలాంటివే. ఈ మందులు వాడే మనిషికి మాత్ర వేసుకుంటున్నా గడ్డ పెరగవచ్చు. క్షయ ఇంత ఎక్కువగా ఉన్న దేశంలో, గడ్డ మందు రాసే ముందు టీబీ మందులు వాడుతున్నారా అని అడగడం అలవాటు కావాలి.

గర్భిణులకు ఇంజెక్షనే దారి. వార్ఫరిన్ మాయ దాటి బిడ్డకు హాని చేస్తుంది, కొత్త మాత్రలు గర్భిణులకు వాడరు. కాన్పు తర్వాత కనీసం ఆరు వారాలు, మొత్తం మూడు నెలలకు తగ్గకుండా మందు ఉండాలి. బాలింత పాలిస్తూ వార్ఫరిన్ వాడవచ్చు. గడ్డ కట్టే ప్రమాదం గర్భంలో కంటే కాన్పు తర్వాతి వారాల్లోనే ఎక్కువ. పథ్యం పేరుతో బాలింతకు నీళ్ళు తగ్గించడం, మంచం దిగనివ్వకపోవడం ఆ వారాల్లోనే జరుగుతాయి. ఆ పద్ధతి మానుకోవాలి. బాలింతకు దాహం తీరా నీళ్ళు ఇవ్వాలి, డాక్టర్ ఒప్పుకున్న రోజు నుంచే నడిపించాలి.

యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ (రోగనిరోధక వ్యవస్థ లోపం వల్ల రక్తం గడ్డకట్టే జబ్బు) ఉన్నవారికి, ముఖ్యంగా దాని తీవ్రమైన రకంలో, కొత్త మాత్రల కంటే వార్ఫరినే మెరుగు. క్యాన్సర్ ఉన్నవారికి కొన్ని కొత్త మాత్రలు, ఇంజెక్షన్లు రెండూ పనిచేస్తాయి. కడుపు, పేగు క్యాన్సర్లలో మాత్రం కొత్త మాత్రలతో రక్తస్రావం గురించి జాగ్రత్త ఎక్కువ అవసరం.

ఏ మందు వాడుతున్నా ఒక ప్రమాదం అందరికీ సమానం. ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం మన ఊళ్ళలో మామూలు. రక్తం గడ్డకట్టకుండా మందు వాడే మనిషికి కండరంలో సూది వేస్తే అక్కడే రక్తం పేరుకుని పెద్ద గడ్డ కావచ్చు. నొప్పి మాత్రల వల్ల కడుపులో రక్తస్రావం ప్రమాదం కూడా పెరుగుతుంది. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళినా, పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా ముందు ఈ మందు సంగతి చెప్పాలి.

పడుకోవాలా, నడవాలా

గడ్డ ఉందని తెలిసిన రోజు నుంచి మంచం మీదే పడుకోబెట్టడం పాత పద్ధతి. మందు మొదలుపెట్టాక నడిస్తే గడ్డ ఊపిరితిత్తులకు వెళుతుందన్న భయానికి అధ్యయనాల మద్దతు లేదు. నొప్పి ఓర్చుకోగలిగినంత నడవవచ్చు. పిక్క గడ్డ ఉన్నవారిలో చాలామందికి ఆసుపత్రిలో చేరాల్సిన అవసరమే ఉండదు. బిగుతు మేజోళ్ళ గురించి కూడా అభిప్రాయం మారింది. 2014లో వచ్చిన సాక్స్ ప్రయోగంలో 806 మందిని పరిశీలించగా, అసలు మేజోళ్ళకు, బిగుతులేని ఉత్తుత్తి మేజోళ్ళకు మధ్య దీర్ఘకాల వాపు, నొప్పిని ఆపడంలో తేడా కనిపించలేదు. వేసుకుంటే హాయిగా ఉన్నవాళ్ళు వేసుకోవచ్చు, అంతే. మన ఎండల్లో వాటిని భరించలేనివారిని బలవంతం చేయనక్కర్లేదు.

గడ్డను కరిగించే ఇంజెక్షన్లు, గొట్టం వేసి గడ్డను లాగేయడం, పైకి వెళ్ళే గడ్డను పట్టి ఆపేలా పొట్టలోని పెద్ద సిరలో ఫిల్టర్ పెట్టడం గురించి విని చాలామంది అడుగుతుంటారు. పిక్క గడ్డకు ఇవేవీ అవసరం లేదు. తొడ గడ్డల్లో కూడా గొట్టంతో కరిగించడం వల్ల రెండేళ్ళలో దీర్ఘకాల సమస్యలు మొత్తం మీద తగ్గలేదని, రక్తస్రావం మాత్రం పెరిగిందని 2017 నాటి అట్రాక్ట్ ప్రయోగం చూపింది. కాలే పోయే ముప్పు వచ్చే అరుదైన సందర్భాలకు వాటిని ఉంచుకోవాలి. ఫిల్టర్ ఎవరికంటే, మోకాలి పైన కొత్త గడ్డ ఉండి, రక్తస్రావం వల్ల ఏ మందూ ఇవ్వలేనివారికి. మందు ఇవ్వగలిగిన రోజున దాన్ని తీసేయాలి.

ఎప్పుడు ఆపాలి

మొదలుపెట్టిన పిక్క గడ్డ మందును సాధారణంగా మూడు నెలలు వాడమంటారు. ఇంత చిన్న గడ్డకు ఆరు వారాలు చాలదా అన్న ప్రశ్నకు ఇటలీలో 402 మందితో చేసి 2022లో ప్రచురించిన ప్రయోగం కొంత జవాబు చెప్పింది. అందరూ ఆరు వారాలు రివరోక్సబాన్ వాడాక, సగం మంది ఇంకో ఆరు వారాలు కొనసాగించారు. తర్వాత రెండేళ్ళలో మళ్ళీ గడ్డ కట్టినవారు కొనసాగించిన వర్గంలో 11 శాతం, ఆపినవారిలో 19 శాతం. పెద్ద రక్తస్రావం ఎవరికీ జరగలేదు. అయితే ఆ తేడా దాదాపు అంతా మళ్ళీ పిక్క గడ్డల్లోనే వచ్చింది. మోకాలి పైకి, ఊపిరితిత్తులకు చేరిన గడ్డల్లో పెద్ద తేడా లేదు. కాబట్టి రక్తస్రావం భయం ఉన్న మనిషికి ఆరు వారాలకే ఆపడం తప్పు కాదు, మిగిలినవారికి మూడు నెలలు పూర్తి చేయడం మంచిది.

మూడు నెలల తర్వాత ఏం చేయాలన్నది గడ్డ ఎందుకు కట్టిందన్న దానిపై ఆధారపడుతుంది. ఆపరేషన్ వల్లనో కాలికి వేసిన సిమెంటు కట్టు వల్లనో వచ్చి ఉంటే ఆ కారణం పోయింది కాబట్టి మందు ఆపవచ్చు. ఏ కారణమూ లేకుండా తొడ సిరలో వచ్చిన గడ్డకు మందు ఆపితే మొదటి ఏడాదిలో సుమారు 10 శాతం మందికి, అయిదేళ్ళలో దాదాపు 25 శాతం మందికి మళ్ళీ వస్తుంది. అందుకే వాళ్ళకు తగ్గించిన మోతాదులో ఎక్కువకాలం ఇస్తారు. పిక్క గడ్డల్లో ఈ ప్రమాదం సుమారు సగమే, కాబట్టి చాలామందికి జీవితాంతం మందు అక్కర్లేదు. క్యాన్సర్ ఉంటే లెక్క వేరు. జపాన్‌లో క్యాన్సర్‌తో పాటు పిక్క గడ్డ ఉన్న 601 మందిని పరిశీలించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, ఎడోక్సబాన్ అనే మరో కొత్త మాత్రను మూడు నెలలకే ఆపాల్సిన వర్గంలో 7.2 శాతం మందికి లక్షణాలతో గడ్డ మళ్ళీ వచ్చింది లేదా గడ్డ వల్ల మరణం జరిగింది. ఏడాది వాడాల్సిన వర్గంలో అది 1 శాతమే.

మందు ఆపేటప్పుడు ఒకసారి స్కాన్ చేయించి ఉంచుకోవడం పనికొస్తుంది. కొందరికి గడ్డ గట్టిపడి మచ్చలా మిగిలిపోతుంది, ఏళ్ళ తర్వాత కాలు మళ్ళీ నొప్పి పెట్టినప్పుడు అది కొత్తదా పాతదా అని తేల్చడానికి ఆ రిపోర్టే సాక్ష్యం. మధ్యలో ఎప్పుడైనా హఠాత్తుగా ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్ళు తిరిగి పడిపోవడం జరిగితే స్కాన్ సెంటర్‌కు కాదు, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మందు ఆపిన తర్వాత కూడా తుంటి మార్పిడి లాంటి ఆపరేషన్‌కు వెళ్ళినా, మళ్ళీ గర్భం వచ్చినా, కాలు విరిగి కట్టు వేసినా, పాత గడ్డ సంగతి మొదటి రోజే డాక్టర్‌కు చెబితే ఆ కొన్ని వారాలకు ముందుజాగ్రత్తగా చిన్న మోతాదు ఇవ్వాలో వద్దో నిర్ణయిస్తారు.